ప్రూఫమ్మ, పదిహేడో నంబరు కుర్చీ

గొప్పవాళ్ళకు బిరుదులు నిండు సభలో ఇస్తారు. ప్రూఫమ్మకు మాత్రం ప్రింటింగ్ ప్రెస్సు గుమ్మంలో నిలబడి, పోయాడని అచ్చయిన ఒక మనిషి స్వయంగా ఇచ్చాడు.

అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్ళు. ప్రెస్సులో కంపోజింగ్ పనికి కొత్తగా చేరింది. ఒకాయన వచ్చి రెండు ఫోటోలు ఇచ్చి వెళ్ళాడు. ఒకటి పోయిన అన్నగారిది, సంతాప పత్రంలో వేయడానికి. రెండోది ఆయనదే, విజిటింగ్ కార్డు మీదికి. అన్నదమ్ములు ఒకే అచ్చులో పోసినట్టుంటే ఎవరు ఎవరో తెలిసేదెలా? ఆమె తెలుసుకోవాలనీ అనుకోలేదు. ఐదువందల కాపీలు అచ్చయి, సగం ఊరికి చేరాక ఆ తమ్ముడుగారు ఆయాసపడుతూ వచ్చాడు.

"అమ్మాయ్, పోయింది మా అన్నయ్య. నేనింకా ఉన్నాను. నమ్మకం లేకపోతే గిల్లి చూడు."

ఆమె గిల్లలేదు గానీ, ఆ రోజునుంచి ఒక వ్రతం పట్టింది. ఎవరి గురించి అచ్చు వేస్తున్నామో వాళ్ళకు ప్రూఫు చూపించాలి. వాళ్ళు చదవాలి, చదవలేకపోతే చదివి వినిపించాలి, కింద సంతకం పెట్టించుకోవాలి. అప్పటిదాకా యంత్రం తిరగకూడదు. ప్రెస్సు యజమాని తన పేరుతో లెటర్ హెడ్ వేసుకున్నా అదే న్యాయం.

"నా పేరు నాకు తెలీదంటావా?" అని ఆయన గుడ్లురిమేవాడు.

"తెలుసు సార్. సంతకం పెట్టండి."

నెల తిరిగేసరికి తమ్ముడుగారు విజిటింగ్ కార్డుల కోసం మళ్ళీ వచ్చాడు. ఈసారి లోపలికి అడుగు పెట్టకుండా గుమ్మంలోంచే కేకేశాడు. "ఆ ప్రూఫమ్మ ఉందా? లేకపోతే రేపొస్తా." ఇలా బిరుదు ప్రదానం ముగిసింది. తర్వాత ఇరవయ్యారేళ్ళు ఆమెను కన్నవాళ్ళు పెట్టిన పేరుతో పిలిచినవాళ్ళు ఇద్దరే. ఒకటి జీతాల రిజిస్టరు, రెండోవారు భర్త. ఆయన దూరప్రాంతాల బస్సు నడుపుతాడు, వారానికి రెండు రోజులే ఇంట్లో ఉంటాడు. అందుచేత ఆ పేరు పెద్దగా అరగలేదు.

ప్రెస్సు మూతపడిన ఏడాదే ఆమె సంఘంలో చేరింది.

సంఘం అంటే చక్రాల కుర్చీలు, చేతికర్రలు, నడక ఫ్రేములు అవసరమైనవాళ్ళకు ఉచితంగా ఇచ్చి, అవసరం తీరాక వెనక్కి తెచ్చుకుని, బాగుచేసి ఇంకొకరికి ఇచ్చే సంస్థ. స్థాపకుడు, కార్యదర్శి, భవన యజమాని ముగ్గురూ ఒక్కరే, పళ్ళ డాక్టరుగారు. వృత్తి మానేశాక క్లినిక్కునే ఆఫీసు చేశారు. వెయిటింగ్ రూము గోదామయింది. ఎక్స్‌రే గదిలో మేస్త్రీ కూర్చుని చక్రాలకు బేరింగులు మారుస్తాడు. అసలు గదిలో మాత్రం పళ్ళు పీకే కుర్చీ అలాగే ఉండిపోయింది. దాన్ని నేలకు బిగించినవాడు తన పని మీద మరీ శ్రద్ధ చూపించాడు. నూట ముప్ఫై కుర్చీలున్న ఆ సంస్థలో అతిథి కూర్చోవడానికి ఉన్నది ఆ ఒక్కటే. ఎంత పెద్దమనిషి వచ్చినా అందులో వెనక్కి వాలి, పైకప్పు చూస్తూ మాట్లాడవలసిందే.

చేరిన రెండో నెలలో డాక్టరుగారు ఒక స్మార్ట్‌ఫోను ఆమె చేతిలో పెట్టారు.

"అమ్మా, ఇప్పుడు కరపత్రాలు ఎవరూ చదవట్లేదు. సంఘానికి సోషల్ మీడియాలో పేజీ ఉండాలట. నువ్వు చూసుకో."

"సరేనండీ. ప్రూఫులు ఎవరికి చూపించాలి?"

"అక్కడ ప్రూఫులుండవమ్మా. రాయడం, నొక్కడం, అంతే."

ప్రూఫమ్మ ఆయన్ని, పళ్ళు తోముకోవడం అనవసరం అన్నవాణ్ణి ఆయన చూసే చూపుతో చూసింది. మర్నాడు పొడుగాటి రూళ్ళ పుస్తకం ఒకటి కొంది.

పద్ధతి ఇది. కుర్చీ తీసుకున్న మనిషి ఫోటో తీసి, కింద నాలుగు వాక్యాలు రాసి, కాగితం మీద ప్రింటు తీసి, పుస్తకంలో అతికించి, ఆ మనిషి ఇంటికి పట్టుకెళ్ళేది. చదివి వినిపించేది. మిగతా సంస్థలు నిమిషానికొక పోస్టు పెడుతుంటే ప్రూఫమ్మ పోస్టు రెండు బస్సులు మారి, మూడంతస్తులు ఎక్కి, సంతకంతో దిగి వచ్చేది. చాలాసార్లు సంతకం లేకుండానే దిగి వచ్చేది. ఎందుకంటే మొదటి నెలలో ఇరవైమందికి చూపిస్తే పదిహేడుమంది ఒకే మాట అన్నారు. "బాగా రాశావమ్మా. కానీ నా ఫోటో వద్దు."

ఇంకెవరైనా అయితే పుస్తకం మూలకు విసిరేసేవాళ్ళు. ప్రూఫమ్మ గోదాములోకి వెళ్ళి కాసేపు కుర్చీల మధ్య నిలబడింది. మనుషులు ఒప్పుకోకపోతే పోనీ, కుర్చీలు అభ్యంతరం చెప్పవు కదా. ఆ సాయంత్రం పేజీలో మొదటి జీవిత చరిత్ర వెలువడింది.

"పదిహేడో నంబరు. వయసు ఆరేళ్ళు. కుడి చక్రం కొంచెం ఎడమకు లాగుతుంది, అలవాటయితే ఇబ్బంది ఉండదు. ఇప్పటికి ఎనిమిది ఇళ్ళు చూసింది. మూడో ఇంట్లో పిల్లి దీన్ని ఆక్రమించుకుంది, ఖాళీ చేయించడానికి కుటుంబ పెద్దలు జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. మేస్త్రీ దగ్గర రెండు రోజులు విశ్రాంతి తీసుకుని, ఈ రోజు తొమ్మిదో ఇంటికి బయల్దేరుతోంది."

ఇందులో మనిషి లేడు. ఊరు, వీధి, జబ్బు ఏవీ లేవు. ప్రూఫు మాత్రం చూపించింది, పిల్లి యజమానురాలికి. ఆవిడ "ఆక్రమించుకుంది" అన్న మాటకు కాస్త నొచ్చుకుని, చివరికి నిజమే కదా అని సంతకం పెట్టింది.

ఆ పోస్టుకు మొదటి లైకు అత్తగారిది. ఏ పోస్టుకైనా మొదటి లైకు ఆవిడదే. అసలు చదవకముందే కొట్టేది.

"చదివి కొట్టొచ్చు కదా అత్తయ్యా."

"చదివితే నచ్చకపోవచ్చు. ఇంట్లో గొడవెందుకని ముందే కొట్టేస్తున్నా."

అత్తగారి తర్వాత జనం మొదలయ్యారు. పిల్లి ఫోటో ఏదని ఒకరు, ఎనిమిదో ఇంట్లో ఏం జరిగిందో దాచారని ఇంకొకరు. నలభై మూడో నంబరు బ్రేకు కథ ఒక బళ్ళో పిల్లలకు చదివి వినిపించారట. "మా నాన్నగారి కుర్చీ ఇచ్చేస్తాం, దాని చరిత్ర కూడా రాస్తారా?" అని ఉత్తరాలొచ్చాయి. రాసింది. ఇచ్చినవాళ్ళు వచ్చి ప్రూఫు చూసి, ఆ పళ్ళ కుర్చీలో వాలి, కళ్ళు తుడుచుకుని సంతకాలు పెట్టారు. నాలుగేళ్ళలో నలభై కుర్చీలు నూట ముప్ఫై అయ్యాయి. గోదాములో ఏ రోజు చూసినా పదికి మించి ఉండేవి కావు. మిగతావన్నీ ఎవరో ఒకరి ఇంట్లో తిరుగుతూ ఉండేవి. కుర్చీ గోదాములో ఉంటే సామాను, బయట ఉంటేనే కుర్చీ అనేది ప్రూఫమ్మ.

ఇంత సవ్యంగా సాగుతున్న సంస్థకు ఒక లోటు ఉందని ట్రస్టువాళ్ళు కనిపెట్టారు.

ట్రస్టు అంటే సంఘానికి వ్యాను ఇచ్చినవాళ్ళు. రెండో వ్యాను కూడా ఇద్దామనుకున్నారు. అయితే సంఘం ముందు 'కనబడాలి' అన్నారు. కనబడేట్టు చేయడానికి ఒక నిపుణుణ్ణి కూడా వాళ్ళే పంపించారు. మంచి మనిషి, ముప్ఫై అయిదేళ్ళుంటాయి, గుండ్రటి కళ్ళజోడు. ఆయన్ని మేస్త్రీ మొదటి రోజే 'బ్రాండు గారు' అన్నాడు, అదే స్థిరపడింది. బ్రాండు గారు పళ్ళ కుర్చీలో వాలి, పైకప్పుకు తన అభిప్రాయం చెప్పారు.

"మేడమ్, మీ కుర్చీల కథలు అద్భుతం. కానీ చదివినవాళ్ళకు కుర్చీ గుర్తుంటుంది, సంస్థ గుర్తుండదు. ఒక ముఖం కావాలి. కొంచెం కన్నీళ్ళయినా పరవాలేదు, బాగా పోతాయి."

"కన్నీళ్ళ కింద సంతకం ఎవరు పెడతారండీ?"

బ్రాండు గారు నవ్వేశారు. ఓడినప్పుడు నవ్వగలిగినవాళ్ళు తక్కువ. అందుకే ఆమెకు ఆయన నచ్చారు. నచ్చడమే కొంప ముంచింది.

"సరే, ముఖాలు వద్దు. మన గుర్తు జనం కళ్ళబడే చోటు ఇంకేదైనా చెప్పండి."

"కుర్చీకి వీపు ఉంది కదండీ" అంది ప్రూఫమ్మ, సాయం చేద్దామని.

ఆ వీపు మీద రెండు జానల వెడల్పు స్టిక్కరు తయారయింది. నారింజ రంగు, రెక్కలున్న చక్రం, దాని కింద లావాటి అక్షరాల్లో 'మా చేయూతతో ముందుకు', ఆ కింద సంఘం పేరు, ఇంకా కింద ట్రస్టు పేరు. దాంతోపాటు ఇరవై ఎనిమిది పేజీల నియమావళి. కుర్చీలన్నీ ఒకేలా కనబడాలని తొమ్మిదో పేజీ, గుర్తును ఏ వస్తువుతోనూ కప్పరాదని పద్నాలుగో పేజీ చెప్పాయి. ప్రూఫమ్మ తన వ్రతం ప్రకారం స్టిక్కరు ప్రూఫు పట్టుకుని తిరిగింది. డాక్టరుగారు, అధ్యక్షురాలు, కమిటీ సభ్యులు, ట్రస్టు మేడమ్, బ్రాండు గారు, మొత్తం పదకొండు సంతకాలు. మేస్త్రీ చేత కూడా పెట్టించింది, అంటించేది అతనే కాబట్టి. ఇంత పకడ్బందీగా ప్రూఫు చూపించిన పని ఆమె జీవితంలో ఇంకోటి లేదు.

మూడు వారాల్లో కుర్చీలకు, చేతికర్రలకు, ఫ్రేములకు అన్నింటికీ స్టిక్కర్లు పడ్డాయి. తర్వాత కుర్చీలు ఇంటికి రావడం మొదలుపెట్టాయి.

ముందు నాలుగు. తర్వాత తొమ్మిది. గోదాములో పాతిక దాటాక మేస్త్రీ తల గోక్కున్నాడు.

"అక్కా, ఊళ్ళో జనానికి కాళ్ళన్నీ ఒకేసారి బాగయిపోయాయా ఏంటి?"

డాక్టరుగారు మాత్రం సంతోషించారు. "ఆరోగ్యం మెరుగుపడుతోందయ్యా. ఇది మన సేవా ఫలితం." నలభైకి చేరేసరికి ఆయన కూడా ఆ మాట అనడం మానేశారు.

పదిహేడో నంబరు మాత్రం రాలేదు. అది అప్పుడు తన పదో ఇంట్లో, ఒక దర్జీ దగ్గర ఉంది. అరవై నాలుగేళ్ళ మనిషి, నడుములో నరం నలిగి కాళ్ళు పట్టు తప్పాయి. ఆయన షాపు ఇంటికి పదకొండు గుమ్మాల అవతల, వీధి చివర. ఏడాదిపాటు ఆ పదకొండు గుమ్మాలు దాటలేక మంచం మీద కూర్చుని గుండీలు కుట్టాడు. కుర్చీ వచ్చాక రోజూ పొద్దున తొమ్మిదింటికి షాపు తీస్తున్నాడు. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, పక్కన పదిహేడో నంబరు. కుడి చక్రం ఎడమకు లాగుతుందన్న సంగతి గురించి ఆయన ఒకే మాట అన్నాడు. "నా మిషనూ అంతే."

నెలకోసారి తనిఖీకి మేస్త్రీతో కలిసి వెళ్ళిన ప్రూఫమ్మకు, కుర్చీ వీపుకు ఒక తొడుగు కనబడింది. ముదురు నీలం సూటు గుడ్డ, అంచున సన్నటి బూడిద రంగు పైపింగు, పక్కన ఆరు గుండీలు. అంత అందమైన కుట్టు ఆమె కోట్ల మీద కూడా చూడలేదు.

"మాస్టారూ, ఎంత బాగా కుట్టారండీ!"

"ఏదో, మిగిలిన ముక్కమ్మా. రాత్రే కుట్టాను."

"కానీ ఇదుంటే గుర్తు కనబడదు కదండీ. నియమావళి పద్నాలుగో పేజీలో కప్పకూడదని ఉంది."

ప్రూఫమ్మ ఒక్కొక్క గుండీ జాగ్రత్తగా విప్పింది, గుడ్డ నలగకుండా మడిచింది, రెండు చేతులతో ఆయన ఒళ్ళో పెట్టింది. నారింజ రంగు చక్రం రెక్కలు విప్పుకుంది. "సరేనమ్మా" అన్నాడాయన, సుద్దముక్క చెవి మీంచి తీసి మళ్ళీ చెవి మీదే పెట్టుకుంటూ.

మర్నాడు పదింటికి దర్జీ కూతురు ఖాళీ కుర్చీ తోసుకుంటూ ఆఫీసుకొచ్చింది.

"నాన్నకు ఇక అక్కర్లేదట ఆంటీ."

"అదేంటమ్మా? షాపుకెలా వెళ్తారు?"

"వెళ్ళరట."

"నేనేమైనా తప్పుగా అన్నానా?"

ఆ పిల్లకు ముందు చెప్పాలనిపించలేదు. తర్వాత కుర్చీ పిడి వదలకుండానే చెప్పింది. "నిన్న మధ్యాహ్నం ఒకాయన ప్యాంటు తీసుకెళ్ళడానికొచ్చాడు. నాన్న అటు తిరిగి మిషను మీద ఉన్నారు. ఆయన నించుని వీపు మీదున్నదంతా చదివాడు. చదివి, మిగతా చిల్లర ఉంచుకో పెద్దాయనా, పరవాలేదు అన్నాడు. నలభై ఏళ్ళలో నాన్నతో ఎవరూ అలా అనలేదు ఆంటీ. ఆయన చిల్లర ఎంచి ఇచ్చి షాపు మూసేశారు."

ఆ పిల్ల వెళ్ళిపోయాక ప్రూఫమ్మ పదిహేడో నంబరు ఎదురుగా చాలాసేపు కూర్చుంది. తొడుగు ఎందుకు కుట్టాడో గుడ్డను చూసి కూడా గ్రహించలేని తన తెలివికి ఏ శిక్ష వేయాలో ఆలోచించింది. ఇంటికెళ్ళేసరికి అత్తగారు గుమ్మంలో, సంఘం ఇచ్చిన చేతికర్ర పట్టుకుని నిలబడి ఉంది. కర్ర చుట్టూ పాత చీర అంచు ఒకటి గట్టిగా చుట్టి ఉంది. నెల రోజులుగా అలాగే ఉంది. ప్రూఫమ్మ ఇన్నాళ్ళూ దాన్ని చూస్తూనే ఉంది, చూడలేదు.

"అత్తయ్యా, ఆ గుడ్డ ఎందుకు?"

"పట్టు కోసమే."

"నిజం చెప్పండి."

"నిజం చెబితే నీ ఉద్యోగానికి లైకు తగ్గుతుంది" అంది అత్తగారు. కర్రను గోడకు ఆనించి మళ్ళీ అంది. "వీళ్ళ చేయూత వాళ్ళ చేయూత అని చేతిలో రాసిపెట్టుకుని పక్కింటికెలా వెళ్ళనే? కర్ర ఇచ్చారు, మంచిదే. ఊరికంతా చాటింపు వేయమని అడిగానా?"

అడగలేదు. అసలు సంగతి అదే. ఎవరి గురించి అచ్చు వేస్తున్నామో వాళ్ళకు ప్రూఫు చూపించాలి. స్టిక్కరు సంఘం గురించి అనుకుంది ప్రూఫమ్మ, సంఘానికి చూపించింది. కానీ అది అంటుకున్న చోట కూర్చున్న మనిషి గురించి మాట్లాడుతోంది. పదకొండు సంతకాల్లో కుర్చీలో కూర్చునేవాడిది ఒక్కటీ లేదు. ఇరవయ్యారేళ్ళ క్రితం ఫోటో మారిపోయింది, ఇప్పుడు వీపు.

ట్రస్టు మేడమ్ శుక్రవారం వస్తోంది, స్టిక్కర్లు చూసి రెండో వ్యాను సంగతి తేల్చడానికి. అది సోమవారం.

ప్రూఫమ్మ స్టిక్కరు ప్రూఫు రూళ్ళ పుస్తకంలో కొత్త పేజీలో అతికించి, రెండు రోజుల్లో ముప్ఫై ఒక్క ఇళ్ళు తిరిగింది. ఒకటే అడిగింది. "ఇది మీ కుర్చీ మీద ఉంటుంది. చదివి, సరేనంటే సంతకం పెట్టండి. కాదంటే ఎందుకో చెప్పండి." చెప్పినవి చెప్పినట్టే రాసుకుంది.

"రంగు బాగుంది. వేరేవాళ్ళ కుర్చీకి వేసుకోండి."

"నేను ముందుకెళ్తున్నది నా మనవరాలు తోస్తే. మీరెప్పుడు తోశారు?"

"పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు మా అబ్బాయినొదిలేసి దీన్ని చదివారు."

ఒక పెద్దాయన మాత్రం చదవకుండానే సంతకం పెట్టేశాడు. "ఎక్కడ పెట్టమన్నా పెడతాను, చదవమని మాత్రం అనకు తల్లీ." ఆ సంతకాన్ని ప్రూఫమ్మ కొట్టేసి, పక్కన 'చెల్లదు' అని రాసింది. అప్పుడు లెక్క ముప్ఫై ఒకటికి సున్నా అయింది.

బుధవారం సాయంత్రం పుస్తకం డాక్టరుగారి ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు మార్చుకుని చదివారు. సగం దాకా వచ్చాక లేచి కిటికీ దగ్గరికెళ్ళారు, మళ్ళీ వచ్చి మిగతాది చదివారు.

"ట్రస్టుకేం చెబుతావమ్మా?"

"ఇదే చూపిస్తానండీ."

"రెండో వ్యాను పోతుంది."

"పోవచ్చు. కానీ గోదాములో నలభై కుర్చీలున్నాయి. ఉన్న ఒక్క వ్యానే ఖాళీగా ఉంది. రెండోది ఏం మోస్తుందండీ?"

డాక్టరుగారు నలభై ఏళ్ళు ఎదుటివాళ్ళను నోరు తెరవమన్న మనిషి. ఆ పూట ఆయన నోరే తెరుచుకుని ఉండిపోయింది. చివరికి, ఆ గదిలో కొన్ని వేలసార్లు చెప్పిన తీర్పు మళ్ళీ ఒకసారి చెప్పారు.

"పీకేద్దాం."

గురువారమంతా అదే పని. పక్క సెలూనువాడి దగ్గర జుట్టు ఆరబెట్టే యంత్రం అరువు తెచ్చి, మేస్త్రీ వేడి గాలి కొడితే ప్రూఫమ్మ అంచు పట్టి లాగింది, డాక్టరుగారు నూనె గుడ్డతో జిగురు తుడిచారు. "మత్తు ఇవ్వకుండా పీకడం ఇదే మొదటిసారి" అన్నారాయన, ముప్ఫయ్యో కుర్చీ దగ్గర. స్టిక్కరు బదులు అగ్గిపెట్టెంత కాగితం సీటు అడుగున అంటించారు. దానిమీద కుర్చీ నంబరు, చెడిపోతే ఫోను చేయాల్సిన నంబరు, చిన్న అక్షరాల్లో సంఘం, ట్రస్టు పేర్లు. ఇళ్ళల్లో ఉన్న కుర్చీల పని వారంలో ముగిస్తానన్నాడు మేస్త్రీ.

శుక్రవారం ట్రస్టు మేడమ్ వచ్చింది. పొడుగ్గా, నిటారుగా ఉండే మనిషి. ఆ నిటారుతనం పళ్ళ కుర్చీలో రెండు నిమిషాలు కూడా నిలవలేదు. మేస్త్రీ టీ అందిస్తూ మీట తొక్కాడేమో, మేడమ్ నెమ్మదిగా వెనక్కి వాలిపోయింది. డాక్టరుగారి చెయ్యి అలవాటుగా పైనున్న లైటు మీదికి వెళ్ళి, సిగ్గుపడి వెనక్కొచ్చింది.

"మీ గోదాము చూశాను" అంది మేడమ్, పైకప్పుతో. "గుర్తు ఎక్కడా లేదు."

"తీసేశామండీ" అంది ప్రూఫమ్మ. "తప్పు నాది. వీపు మీద వేయమన్నది నేనే. ప్రూఫు పదకొండుమందికి చూపించాను. చూపించాల్సినవాళ్ళకు చూపించలేదు. ఇప్పుడు చూపించాను." పుస్తకం ఇచ్చింది.

మేడమ్ చదివింది. మొదట తొందరగా, తర్వాత నెమ్మదిగా. ఒక పేజీ దగ్గర ఆగి వెనక్కి తిప్పి మళ్ళీ చదివింది. ఏ పేజీయో ప్రూఫమ్మ చూసింది గానీ ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. మేడమ్ సంతకం ఆ పేజీ కింద లేదు కదా.

"మా నివేదికలో ఫోటో తప్పనిసరి. మా పేరు కనబడాలి."

ప్రూఫమ్మ ఒక కుర్చీ తెచ్చి తలకిందులు చేసి నేల మీద పెట్టింది. అగ్గిపెట్టెంత కాగితం. మేడమ్ కష్టపడి పళ్ళ కుర్చీలోంచి లేచి, మోకాళ్ళ మీద కూర్చుని, దాని ఫోటో తీసుకుంది. సంఘం చరిత్రలో ఒక ట్రస్టు ప్రతినిధి నేలమీద కూర్చోవడం అదే మొదలు.

రెండో వ్యాను రాలేదు. మొదటి వ్యానుకు ఇస్తున్న సాయం ఆగలేదు. ఫలితాల పత్రంలో 'సంస్థ గుర్తు ఎందరికి కనబడింది' అన్న గడి వచ్చింది. ప్రూఫమ్మ అందులో 'ఎవరికీ కనబడలేదు' అని రాసి, పక్కన 'సాధించాం' అని చేర్చింది. డాక్టరుగారి సంతకం తీసుకునే పంపించింది. బ్రాండు గారు ఫోను చేసి, ఆ గడి చదివి అరగంట నవ్వానని చెప్పి, నియమావళిలోంచి పద్నాలుగో పేజీ తీసేస్తున్నానన్నారు.

అదంతా తర్వాతి మాట. ఆ శనివారం పొద్దున ప్రూఫమ్మ పదిహేడో నంబరును తానే తోసుకుంటూ దర్జీ ఇంటికెళ్ళింది. ఆయన మంచం మీద గుండీలు కుడుతున్నాడు. ముందు ఆమెను కాదు, కుర్చీ వీపును చూశాడు. నల్లటి రెగ్జిను, మధ్యలో జిగురు తుడిచిన చోట కాస్త మెరుపు.

"మాస్టారూ, తప్పయిపోయింది. ముందే మిమ్మల్ని అడగాల్సింది."

"ఇప్పుడడుగుతున్నావు కదా." దారం పంటితో తెంపాడు. "అయితే ఆ మెరుపు బాగాలేదు. తొడుగు వేసుకోవచ్చా, పద్నాలుగో పేజీ ఒప్పుకోదా?"

"గుర్తే పోయిందండీ, ఇక ఆ పేజీకి పనేముంది?"

ఆరు గుండీలూ ఆయనే పెట్టుకున్నాడు. పదకొండు గుమ్మాలు. కూతురు తోస్తానంటే వద్దని, చక్రాలు తానే తిప్పుకుంటూ, ఎడమకు లాగినప్పుడల్లా ఒక మాట తిడుతూ వెళ్ళాడు. వెనకాల నాలుగడుగుల దూరంలో ప్రూఫమ్మ. షాపు తీస్తుంటే ఎదురు కొట్టాయన పలకరించాడు.

"ఏం మాస్టారూ, ఐదు రోజులుగా కనబడలేదు? అబ్బో, కుర్చీ కొత్తదా? ఎక్కడ కొన్నారు?"

"కొన్నదేంటి? ఆర్డరిచ్చి చేయించాను" అన్నాడు దర్జీ, తాళం తీస్తూ. "గుడ్డ మాత్రం నాది."

ప్రూఫమ్మ పక్కకు తిరిగి ఆకాశం చూసింది. నాలుగేళ్ళుగా ఆమె రాసిన ఏ పోస్టూ సంఘం పని గురించి అంత బాగా చెప్పలేదు. అందులో సంఘం లేదు కాబట్టే అనుకుంది.

మధ్యాహ్నం ఆఫీసులో కొత్త పోస్టు రాసింది. ఫోటోలో కుర్చీ లేదు. గోదాములో పదిహేడో నంబరు నిలబడే చోట నేల మీద పడ్డ రెండు చక్రాల గీతలు మాత్రం ఉన్నాయి. కింద రెండే వాక్యాలు. "పదిహేడో నంబరు బయటికెళ్ళింది. ఎప్పుడొస్తుందో దాన్నే అడగాలి." ప్రింటు తీసి, పుస్తకంలో అతికించి, సాయంత్రం షాపుకి పట్టుకెళ్ళింది.

దర్జీ చదివాడు. పేజీ తిప్పి వెనక ఏముందో చూశాడు. ఏమీ లేదు.

"ఇందులో నేను లేనుగా. నాకెందుకు చూపించడం?"

"లేరని మీరు చూడాలి కదండీ."

ఆయన కాసేపు ఆ గీతల్ని చూశాడు. తర్వాత సుద్దముక్కతో కాదు, పెన్ను అడిగి తీసుకుని, నిదానంగా, కాలరు కుట్టినంత శ్రద్ధగా సంతకం చేశాడు. పుస్తకం తిరిగిస్తూ అడిగాడు.

"మిగతా కుర్చీల వీపులకు కూడా ఆ జిగురు మెరుపు ఉందా?"

"అన్నింటికీ ఉందండీ."

"ఇళ్ళల్లో మిగిలిన గుడ్డముక్కలు తెస్తే కుట్టి పెడతా. అయితే ఒకటి. ఏ రెండూ ఒకేలా ఉండవు."

ప్రూఫమ్మ కుర్చీ వీపుల కొలతలు నోటితోనే చెప్పింది. ఆయన నమ్మలేదు. మెడలో టేపు తీసి పదిహేడో నంబరు వీపు తానే కొలిచి, వెడల్పు ఎంతో చెవి మీది సుద్దముక్కతో బల్ల మీద రాసుకున్నాడు. అప్పటికి పోస్టు పేజీలో పడింది. లైకు ఒకటి వచ్చేసింది కూడా, చదవకముందే.